సున్నా వేరు, ఖాళీ వేరు

నేను వానల మీద పని చేస్తానని తెలిసినవాళ్ళు పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో నన్ను పట్టుకుని మొదట అడిగేది ఒకటే: "రేపు వాన పడుతుందంటారా?" వడియాలు పెట్టుకోవాలి, పందిరి వేయించాలి, ఎవరి అవసరం వాళ్ళది. రేపటి వాన వాతావరణ శాఖ వారిదండీ, నాది నిన్నటి వాన, మొన్నటి వాన, మా తాతగారి కాలంనాటి వాన అని చెప్పేసరికి వాళ్ళ మొహంలో ఉత్సాహం చప్పున దిగిపోతుంది. "పడిపోయిన వానతో పనేమిటమ్మా?" అని ఒక పెద్దావిడ మొహమ్మీదే అడిగేసింది. మంచి ప్రశ్నే. మా డాక్టోరల్ కమిటీలో కూడా ఇంత సూటిగా ఎవరూ అడగరు.

పడిపోయిన వానతోనే కదండీ మా పనంతా! ఊరి చివర కల్వర్టుకి ఎన్ని తూములు పెట్టాలి, చెరువు అలుగు ఎంత పొడవుండాలి, వంతెన ఎంత ఎత్తున కట్టాలి... ఇవన్నీ తేల్చేది ఎప్పుడో కురిసి, ఇంకి, సముద్రంలో కలిసిపోయిన వానే. అది ఇప్పుడు రిజిస్టర్లలో అంకెలుగా మిగిలి ఉంది. మాది సివిల్ ఇంజినీరింగులో నీటి వనరుల విభాగం. పాఠాలు చెప్పగా మిగిలిన పొద్దంతా నేనూ, నా దగ్గర పీహెచ్‌డీ చేసే పిల్లలూ ఆ అంకెల ముందే కూర్చుంటాం.

డేటా ఎనాలిసిస్ అనగానే పెద్ద పెద్ద సూత్రాలు, కంప్యూటర్లో రంగురంగుల గ్రాఫులు అనుకుంటారు అందరూ. అవీ ఉంటాయి, కాదనను. కాకపోతే అవన్నీ ఆఖర్న వస్తాయి. అంతకుముందు నెలల తరబడి సాగేది బియ్యంలో రాళ్ళేరడం. అవి కూడా బియ్యం రంగులోనే ఉండే రాళ్ళు.

మండలాఫీసు ఆవరణలో ఎప్పుడైనా వానకొలత పరికరం చూశారా? పాతరకం దాన్ని సైమన్స్ గేజ్ అంటారు. మోకాలి ఎత్తు కూడా ఉండదు, అయిదంగుళాల నోరు. లోపల ఒక గరాటు, దాని కింద సీసా. అంతే యంత్రం. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి ఒక మనిషి వచ్చి, గరాటు తీసి, సీసాలో నీళ్ళు కొలగ్లాసులోకి వంచి, గ్లాసుని కంటికెదురుగా పెట్టుకుని చూసి, రిజిస్టర్లో రాస్తాడు. ఆ ఎనిమిదిన్నరలో చిన్న మెలిక ఉంది. మంగళవారం సాయంత్రం కుండపోతగా కురిసినా అది బుధవారం ఖాతాలోకే పోతుంది, ఎందుకంటే బుధవారం పొద్దున్నే కదా కొలిచేది. పేపర్లో మంగళవారం వాన అని, రిజిస్టర్లో బుధవారం అని ఉంటే రెండూ నిజమే. ఇది తెలియని స్కాలర్ వానకీ వరదకీ ముడిపెట్టబోయి, వాన కంటే ముందే వరద వచ్చిందని గ్రాఫు గీసుకొస్తాడు.

కొత్తగా చేరిన పిల్లలకి నేను ఇచ్చే మొదటి పనిలో సూత్రాలేమీ ఉండవు. ఒక స్టేషన్ లెక్కలు తీసుకుని, వారాల వారీగా వాన కూడమంటాను. సోమవారాలన్నీ ఒకచోట, మంగళవారాలన్నీ ఒకచోట. "వారానికీ వానకీ సంబంధమేంటి మేడం?" అంటారు. సంబంధం లేదు. లేదు కనకనే చూడాలి. కొన్ని స్టేషన్లలో ఆదివారాలు ఎండిపోయి, సోమవారాలు పొంగిపొర్లుతుంటాయి. మేఘాలకి ఆదివారం సెలవు లేదండీ, ఆ ఎనిమిదిన్నర మనిషికి ఉంది. రెండు రోజుల నీళ్ళు సీసాలో కూడుకుని సోమవారం పేరున నమోదయ్యాయన్నమాట. ఇంకో పరీక్ష ఏమిటంటే, దశాంశ బిందువు తర్వాతి అంకె చూడటం. సున్నాలూ అయిదులూ మరీ ఎక్కువగా ఉంటే గ్లాసు మీద గీత చదవలేదు, అందాజుగా రాశారని అర్థం. ఇదంతా ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. నెత్తిమీద గొడుగుతో, ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో రిజిస్టరు పట్టుకుని జోరువానలో ఏళ్ళ తరబడి ఆ పని చేసినవాళ్ళ దయవల్లే మాకు ఉద్యోగాలున్నాయి. అంకె వెనక మనిషి ఉన్నాడని పిల్లలకి తెలియాలి, అదీ నా గొడవ.

ఇక అసలు విషయానికొస్తాను. రిజిస్టర్లో సున్నా ఉందంటే ఆ రోజు మనిషి వచ్చాడు, గరాటు తీశాడు, సీసా పొడిగా ఉంది అని. గడి ఖాళీగా ఉందంటే ఏం జరిగిందో మనకి తెలియదని. ఈ రెంటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. అయితే రిజిస్టరు కంప్యూటర్లోకి ఎక్కేటప్పుడు టైపు చేసేవాళ్ళకి ఖాళీ గడి చూస్తే చేతులు ఊరుకోవు, సున్నా కొట్టేస్తారు. ఆ దెబ్బతో ఆ ఊళ్ళో సగటు వాన తగ్గిపోతుంది. తర్వాత ఎవరో ఆ ఫైలు తీసుకుని, గీత గీసి, "వర్షపాతం గణనీయంగా క్షీణించుచున్నది" అని పేపరు రాసేస్తారు. కరువు పుట్టింది కీబోర్డు మీద, ఆకాశంలో కాదు.

దీనికి విరుగుడుగా ఖాళీ చోట మైనస్ 99.9 అని వేసే ఆనవాయితీ ఒకటి ఉంది. అంత వింత అంకె చూసి ఎవరైనా ఆగుతారని. ఎవరూ ఆగరు. సగటు తీయమంటే కంప్యూటరు శుభ్రంగా దాన్ని కూడా కలిపి తీస్తుంది. జూలై నెలలో మైనస్ వాన వచ్చిందని నా బల్ల మీద గ్రాఫులు వాలిన సందర్భాలున్నాయి.

సున్నాకీ అంకెకీ మధ్య ఇంకోటి కూడా ఉంది, చెప్పడం మరిచాను. నాలుగు చినుకులు పడి, గరాటు తడిసి, గ్లాసులో కొలవడానికి చాలనప్పుడు "ట్రేస్" అని రాస్తారు. పడింది, కానీ కొలతకందలేదు. నాకు ఈ మాట మీద గొప్ప మమకారం. లోకంలో చాలా సంగతులకి ఈ గడి ఒకటి ఉంటే బాగుండునని అనిపిస్తుంది.

అన్నిటికంటే పాపిష్టి ఖాళీ ఏమిటో తెలుసా? నది కొలతల్లో వస్తుంది. గట్టున మట్టం కొలిచే స్కేలు రాళ్ళు పాతి ఉంటాయి. పెద్ద వరదొస్తే ఆ రాళ్ళే కొట్టుకుపోతాయి, లేదా అక్కడికి మనిషి వెళ్ళలేడు. అంటే ఏ రోజు అంకె మనకి అన్నిటికంటే ముఖ్యమో ఆ రోజే గడి ఖాళీ. దాన్ని పక్కన పెట్టి మిగిలిన రోజులతో లెక్క వేస్తే నది సాధువులా కనిపిస్తుంది.

సాధువంటే భద్రాచలం గుర్తొచ్చింది. అక్కడ గోదావరి 43 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. పేపరు చదివేవాళ్ళకి ఇవి కంఠతా వచ్చు. 1986 ఆగస్టులో అక్కడ నీటి మట్టం 75.6 అడుగులు. నా దగ్గర చేరిన ఒక కుర్రాడు ఏటేటా వచ్చిన గరిష్ఠ మట్టాలన్నీ వరసగా పెట్టి, మిగిలినవాటికి దూరంగా ఒంటరిగా నిలబడ్డ ఆ చుక్కని చూసి, "మేడం, ఇది ఔట్‌లయర్. తీసేస్తే గ్రాఫు నీటుగా వస్తుంది" అన్నాడు. మీ ఊరేది బాబూ అంటే బూర్గంపాడు అన్నాడు. గోదారొడ్డు వాడే! "మీ నాయనమ్మకి ఫోన్ కలుపు, స్పీకరు పెట్టు" అన్నాను. ఆవిడ ఆ ఏడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో, ఎవరి గొడ్లు పోయాయో, గుట్టెక్కి ఎలా కూర్చున్నారో ఇంటింటి పేరూ పెట్టి చెప్పుకొచ్చింది. ల్యాబులో ఎవరూ కీబోర్డు ముట్టుకోలేదు. కుర్రాడు ఆ చుక్కని అక్కడే ఉంచాడు. 2022 జూలైలో మళ్ళీ 71.3 దాకా వచ్చినప్పుడు ఆ చుక్కకి తోడు దొరికింది.

పాత లెక్కల విలువ తెలిసిన మహానుభావుడు ప్రశాంతచంద్ర మహలనోబిస్. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి పెద్ద వరదొచ్చింది. నది అడుగు మేట వేసి పైకి లేచింది, కాబట్టి కరకట్టలు ఇంకా ఎత్తు పెంచాలి అని ఇంజినీర్ల సంఘం తేల్చింది. మహలనోబిస్ ఫిజిక్సు మేష్టారు, ఇంజినీరు కాడు. ఆయన సుమారు 60 ఏళ్ళ వాన లెక్కలూ, నీటి లెక్కలూ ముందేసుకుని కూర్చుని, నది అడుగు లేవనే లేదు, కట్టలు పెంచితే ప్రయోజనం లేదు, ఎగువన ఆనకట్టలు కట్టి నీళ్ళు ఆపాలి అన్నాడు. మా ఇంజినీర్లు అనుభవం మీద చెప్పిన మాటని ఒక పరాయివాడు పాత కాగితాలతో కొట్టేశాడన్నమాట. ఈ కథ క్లాసులో చెబుతున్నప్పుడు నాకు సిగ్గూ, సరదా రెండూ కలుగుతాయి.

ఆయన పెట్టిన సంస్థలోనే మన తెలుగువాడు సి.ఆర్.రావుగారు పెరిగారు. హడగలిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదువుకుని, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల ఎమ్మే చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళిన మనిషి. అక్కడ పాఠం చెబుతూ ఒకరోజు, పెద్ద శాంపిళ్ళకి వర్తించే ఒక ఫలితం వివరించారట. దండేకర్ అనే విద్యార్థి లేచి "చిన్న శాంపిలుకి ఇది రుజువు చేయలేమా?" అన్నాడు. రావుగారు ఇంటికెళ్ళి రాత్రంతా కూర్చుని మర్నాటికి రుజువు తెచ్చారు. 1945లో అచ్చయిన ఆ పేపరులోని ఫలితాన్నే ఇప్పటికీ ప్రపంచమంతా క్రామెర్-రావ్ హద్దు అంటోంది. దాని సారం మా బోటివాళ్ళకి చెంపపెట్టు. ఏ పక్షపాతమూ లేకుండా అంచనా కట్టే పద్ధతి ఎంత తెలివైనదైనా, చేతిలో ఉన్న డేటా ఇవ్వగలిగినంత కంటే కచ్చితత్వం దాన్నుంచి రాదు. పిల్లలు కొత్త కొత్త సాఫ్ట్‌వేర్ల పేర్లు చెప్పి ఊదరగొట్టినప్పుడల్లా నేను ఈ హద్దు చూపించి ఊరుకుంటాను. ఆ దండేకరే తర్వాత పెద్ద ఆర్థికవేత్తయ్యి దేశంలో పేదరికం లెక్కలు కట్టాడు. ప్రశ్న అడిగే పిల్లాణ్ణి "ముందు సిలబస్ పూర్తి కానీయ్" అని కూర్చోబెట్టేసే మేష్టర్లు గమనించాలి.

రావుగారికి ఈ పనికి స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి ఎప్పుడొచ్చింది? 2023లో. పేపరు అచ్చయిన 78 ఏళ్ళకి. ఇక్కడే నాకు మా వార్షిక నివేదిక ఫారం గుర్తొచ్చి ఒళ్ళు మండుతుంది. ఏటా ఒక కాగితం ఇస్తారు, ఈ సంవత్సరం ఎన్ని పేపర్లు, ఎన్ని ప్రాజెక్టులు, ఎన్ని సెమినార్లు అని. నా దగ్గర ఒక అమ్మాయి ఏడాదంతా ఊరూరా తిరిగి వానకొలత పరికరాలు చూసొచ్చింది. ఒకచోట పక్కనే వేపచెట్టు పెరిగి కొమ్మలు కమ్మేశాయి, ఒకచోట కొత్త గోడ కట్టేశారు, ఒకచోట గరాటులో కందిరీగలు గూడు పెట్టాయి. అడ్డొచ్చే చెట్టు గాని, గోడ గాని దాని ఎత్తుకి రెట్టింపు దూరంలో ఉండాలని నియమం. లెక్కల్లో మాకు అంతుపట్టని తగ్గుదల ఎన్నో చోట్ల ఆ వేపచెట్టు నీడలో దొరికింది. ఆ ఏడు ఆ పిల్ల పేరు మీద పేపరు లేదు. ఫారంలో ప్రచురణల గడి ఖాళీగా పెట్టింది. పైకి వెళ్ళేసరికి అది సున్నా అయిపోయింది. వానకి జరిగిన అన్యాయమే మనిషికీ జరిగింది.

రీసెర్చి స్కాలర్ బతుకు బయటికి కనిపించినంత తీరిక బతుకు కాదండీ. జూనియర్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకి 37,000 చేశారు, సంతోషం. అది ఏ నెలకానెల చేతికొస్తే ఇంకా సంతోషం. ఇంటికెళ్తే "ఇంకా చదువుతూనే ఉన్నావా?" అని చుట్టాలు. ఇక్కడ పేపరు పంపితే సమీక్షకుల జవాబు కోసం నెలల ఎదురుచూపు. ఆ జవాబుల్లో ఒకాయన "బాగుంది, అచ్చు వేయవచ్చు" అంటాడు, రెండో ఆయన తన పేపర్లు నాలుగు ఉదహరించలేదేమని అలుగుతాడు. రెండో ఆయన అన్ని దేశాల్లోనూ ఉంటాడు. ఆయన మీద ఎక్కువ చెప్పను, అప్పుడప్పుడూ ఆ రెండో ఆయన్ని నేనే.

ఇంత లెక్కల మధ్య బతికేదాన్ని కదా, నాకు ఒక సరదా ఉంది, దానికి మాత్రం లెక్క పెట్టను. సాయంత్రాలు చెరువు గట్టు మీద కూర్చుని పిట్టల్ని చూడటం. పాత బైనాక్యులర్స్, ఒక మంచినీళ్ళ సీసా, అంతే సరంజామా. మా చెరువులో బుడుబుంగలుంటాయి. చిన్న పిట్ట, తోక ఉందా లేదా అన్నట్టుంటుంది. చూస్తుండగానే బుడుంగున మునిగిపోతుంది. ఎక్కడ తేలుతుందో ఊహించడం నా ఆట. తూటికాడ గుబురు దగ్గరనుకుంటే రేవు దగ్గర తేలుతుంది, రేవు మీద చూపు నిలిపితే ఎటో గుబురు వెనక నుంచి కూత వినిపిస్తుంది. పిల్లలు పుట్టిన రోజుల్లో వాటిని వీపు మీద ఎక్కించుకుని ఈదుతుంది. రెక్కల సందులోంచి చారల బుర్ర ఒకటి బయటికొచ్చి చూసి మళ్ళీ లోపలికి పోతుంది. "మేడం, మునిగిన చోటూ తేలిన చోటూ నోట్ చేస్తే మంచి డేటా అవుతుంది" అని ఒక శిష్యుడు ఉత్సాహపడ్డాడు. గట్టు దిగి వెళ్ళిపొమ్మన్నాను.

లెక్కపెట్టే పిట్టప్రియులంటే నాకు గౌరవమే, అపార్థం చేసుకోకండి. ఈబర్డ్‌లో తాము చూసినవి నమోదు చేసేటప్పుడు, "మీరు గుర్తుపట్టినవన్నీ రాశారా?" అని ఒక ప్రశ్న ఉంటుంది. అవునంటేనే, రాయని పిట్ట అక్కడ కనబడలేదని లెక్క. లేదంటే అది ఖాళీ. ఔత్సాహికులు ఇంత జాగ్రత్త పడుతుంటే జీతాలు తీసుకునే మనం ఖాళీల్లో సున్నాలు కొట్టుకుంటూ కూర్చున్నాం.

ఖాళీ గడుల కథల్లో నా మనసుకి దగ్గరైంది మన కడప కలివికోడి అనే పిట్టది. 1900 తర్వాత దాన్ని చూశామన్నవాళ్ళు లేరు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో (అవును, గోదావరికి ఆ వరదొచ్చిన సంవత్సరమే) బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతుకుతున్న భరత్ భూషణ్‌కి అది సిద్దవటం దగ్గర అడవుల్లో బయటపడింది. పట్టి చూపించింది ఆ ప్రాంతపు వేటగాడే. అంటే శాస్త్రానికి కనిపించని ఆ 86 ఏళ్ళూ అక్కడి జనానికి అది కనిపిస్తూనే ఉంది, వాళ్ళని అడిగినవాళ్ళు లేరు. రాత్రిపూట తిరిగే పిట్టని పగలు వెతికితే ఏం దొరుకుతుంది? తర్వాతి పరిశోధకులు ముళ్ళపొదల మధ్య బాటల్లో మెత్తటి మట్టి పరిచి, చదును చేసి వదిలి, తెల్లారి వచ్చి మూడువేళ్ళ అడుగుల కోసం వెతికారు. పిట్ట కనబడకుండానే పిట్టని కొలిచారు. ఏ ఇంజినీరింగు ల్యాబుకీ తీసిపోని పద్ధతి అది. ఆ అడవి మీదుగా పోవలసిన తెలుగుగంగ కాలవని ఈ పిట్ట కోసం పక్కకి మళ్ళించారు కూడా. కాలవల శాఖ మా కులమే గనక ఆ సంగతి చెప్పుకోవడం నాకు ఇష్టం.

దీనికో కొసమెరుపు ఉంది. 2013లో స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఒక గుడ్డు దొరికింది. డీఎన్‌ఏ పరీక్ష చేస్తే కలివికోడిదే. అది కోలారు బంగారు గనుల దగ్గర 1917లో సేకరించింది. ఎవరికీ కనిపించలేదనుకున్న కాలం మధ్యలో గుడ్డు ఒకటి సొరుగులో పడుకుని ఉందన్నమాట. పిట్ట జాడ మాత్రం మళ్ళీ చాలా ఏళ్ళు లేదు. 2025 ఆగస్టులో కొందరు పిట్టప్రియులు దాని కూత రికార్డు చేశారు.

సొరుగుల మాట వచ్చింది కాబట్టి మీకో మనవి. మీ ఇంట్లో తాతగారో, మామ్మగారో పంచాంగం అంచున, పద్దుల పుస్తకంలో, గోడ క్యాలెండరు మీద పాల లెక్క పక్కన "ఈ రోజు మంచి వాన", "ఏరు వచ్చింది", "చెరువు అలుగు పోసింది" అని తేదీలతో రాసిపెట్టి ఉంటారు. చాలామంది రైతులకి ఆ అలవాటుండేది. ఇల్లు సర్దేటప్పుడు వాటిని పాత కాగితాలవాడి తూకానికి వేయకండి. దగ్గర్లో ఏ ఇంజినీరింగు కాలేజీ ఉన్నా సివిల్ విభాగానికి తీసుకెళ్ళి ఇవ్వండి, లేదా కనీసం ఫోనుతో పేజీలు ఫొటో తీసి ఉంచండి. ఊరి పేరూ, రాసినవారి పేరూ పైన రాయడం మాత్రం మరవకండి.